అక్క బల్ల తీసుకున్న రోజు

మా చర్చి సంఘంలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఇస్తారు. ఒక రొట్టె ముక్క, చిన్న గ్లాసులో ద్రాక్షరసం. ఆ రోజు పొద్దున్నే మా అక్క స్నానం చేసి, తెల్లచీర కట్టుకుని వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడేది.

"వెళ్ళొచ్చా?" అని అడిగేది.

బల్లకి వెళ్ళొచ్చా అని. నేను గోడమీది క్యాలెండరు చూసేదాన్ని. అక్క చుట్ట కాల్చిన తేదీ కింద పెన్సిలుతో సన్నటి గీత పెట్టడం నా అలవాటు. గడిచిన నెలలో గీత లేకపోతే వెళ్ళొచ్చు. ఉంటే వెళ్ళకూడదు. ఎక్కువ నెలల్లో ఉండేది. లేదక్కా అనేదాన్ని. ఆమె వాదించేది కాదు. గుడికి వచ్చి అందరితో పాటు పాటలు పాడి, రొట్టె పళ్ళెం బయలుదేరే వేళకి ఆడవాళ్ళ చాపల మీంచి లేచి వెనక గోడ దగ్గరికి వెళ్ళి కూర్చునేది. కొంగు ముఖం మీదికి లాక్కునేది.

అక్క నాకన్నా పదేళ్ళు పెద్దది. బావగారు పోయాక, 2011లో, రామచంద్రపురం దగ్గర మా ఊళ్ళో నా ఇంటికి వచ్చేసింది. అప్పటికి నేను టీచరుగా రిటైరై రెండేళ్ళయింది. మా ఆయన అంతకుముందే పోయారు. నేను పెళ్ళయినప్పటి నుంచీ గుడికి వెళ్తున్నదాన్ని. అక్కకి అదంతా కొత్త. మొదట్లో నాకు తోడుగా వచ్చి కూర్చునేది. ఏడాది తిరిగేసరికి నాకంటే ముందు చెప్పులు వేసుకునేది. చదువు రాదు. వాక్యం చదివి వినిపించమని మధ్యాహ్నం నిద్రపోనిచ్చేది కాదు.

బాప్తిస్మం కావాలంది. అక్కడే చుట్ట అడ్డమొచ్చింది.

అక్క కాల్చేది అడ్డచుట్ట. నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుని కాలుస్తారు. జూలై వానల్లో మోకాలి లోతు బురదలో వంగి నాట్లు వేసే ఆడవాళ్ళకి రెండు చేతులూ ఖాళీ ఉండవు. నిప్పు లోపల ఉంటే వాన ఆర్పలేదు, ఒళ్ళు వెచ్చగా ఉంటుంది. పన్నెండేళ్ళప్పుడు గట్టుమీద ఎవరో పెద్దావిడ నేర్పిందట. అక్క ఆ చేలోకి దిగింది కాబట్టే నేను బళ్ళోకి వెళ్ళాను. మా ఇంట్లో ఇద్దర్నీ కూర్చోబెట్టి తిండి పెట్టే రోజులు కావవి.

అప్పట్లో మా సంఘానికి పాస్టరుగా ఉన్న పెద్దయ్యగారు కచ్చితమైన మనిషి. చుట్ట, మందు మానినవాళ్ళకే బాప్తిస్మం, వాళ్ళకే బల్ల. 2013 ఏప్రిల్లో కాలువలు కట్టేసేలోపు బాప్తిస్మాలు పెట్టారు. అక్క పేరు కూడా ఉంది. ముందురోజు సాయంత్రం తనే ఆయన దగ్గరికి వెళ్ళి, నిన్న ఒకటి కాల్చానండి అని చెప్పేసింది. ఎవరూ చూడలేదు. నాకూ తెలియదు. ఆయన కాసేపు ఆలోచించి, కాలువకి మళ్ళీ నీళ్ళొచ్చేదాకా ఆగుదాం అన్నారు. రెండు నెలలు అక్క ఎండిపోయిన కాలువ వంతెన మీద ఆగి అడుగు చూసి వచ్చేది. జూన్ 23 ఆదివారం, ఎర్రటి కొత్తనీటిలో మునిగి లేచింది. ఒడ్డెక్కాక నా చేయి పట్టుకుని, "అయిపోయిందే, ఇంక ముట్టుకోను" అంది.

జూలై మూడోవారంలో పక్క చేలో నాట్లు మొదలయ్యాయి. వాన పట్టింది. పెరట్లో తూము దగ్గర అక్క నాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. పొగ కనపడలేదు గానీ వాసన తెలిసింది.

ఆ తరవాతి పదకొండేళ్ళూ అంతే. మానేది, పడేది, ఏడ్చేది, మళ్ళీ మానేది. నోట్లో లవంగం పెట్టుకుని చూసింది. ఉసిరికాయ వరుగులు పెట్టుకుని చూసింది. ఉపవాసముంది. ఒక ఏడాది ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ముట్టుకోలేదు. నేను ప్రతి మొదటి ఆదివారం వెళ్ళమన్నాను, వెళ్ళింది, ఆ రొట్టె ముక్కని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు అరచేతుల్లో పట్టుకుంది. జూలైలో మళ్ళీ గీత పడింది. ప్రతిసారీ నాట్ల వేళకే పడుతోందని క్యాలెండర్లు చూస్తే తెలిసేది. చేలు చూసి సాకు దొరికించుకుంటోంది అనుకున్నాను నేను.

పెద్దయ్యగారు రిటైరై వెళ్ళిపోయారు. కొత్తగా వచ్చిన అయ్యగారు కుర్రవాడు, ఎవరి నోరూ వాసన చూసే రకం కాదు. అయినా మా ఇంట్లో పద్ధతి మారలేదు. నిజానికి పెద్దయ్యగారు కూడా మానాలన్నారే గానీ నెల లెక్క చెప్పలేదు. ఆ లెక్క నాది. అక్క దాన్ని దేవుడి లెక్క అనుకుంది.

ఎప్పుడైనా విసుగేస్తే నన్ను ఎత్తిపొడిచేది. "పోలీసు కుక్కకి పెట్టబోయిన ముక్కు పొరపాటున నీకు పెట్టాడే దేవుడు" అనేది. దొంగతనంగా కాల్చి వచ్చి నవ్వుతూ నిలబడితే నాకూ నవ్వొచ్చేది, కానీ గీత మాత్రం మానేదాన్ని కాదు.

ఒకసారి మాత్రం నవ్వకుండా అడిగింది. "బల్ల ఆపుకోవాల్సిన నెల నీకెప్పుడూ రాలేదా?"

నేను పొయ్యి వైపు తిరిగాను. నా తప్పులకి వాసన రాదు. అదే తేడా.

2024 మార్చిలో అన్నం తింటూ కారం మండుతోందని కంచం తోసేసింది. టార్చిలైటు వేసి చూశాను. అంగిలి మీద తెల్లటి పొర, దాని మధ్యలో పుండు. అక్కకి ఒక్కతే కూతురు, కొవ్వూరులో ఉంటుంది. గోదావరి దాటితే రాజమండ్రి ఆసుపత్రి కాబట్టి ఆ ఇంట్లో ఉండి కరెంటు పెట్టించాం. ఏప్రిల్, మే నెలలు రోజూ ఆటోలో వంతెన దాటడం, రావడం. రేడియేషన్‌ని అక్కడ అందరూ కరెంటనే అంటారు. దవడ నల్లబడింది. నోట్లో తడి ఆరిపోయింది. మంచినీళ్ళు కూడా చెంచాతో పొయ్యాలి.

ఇంక చుట్ట ప్రశ్నే లేదు. నోరు తెరవడమే కష్టం.

జూలైలో ఇంటికి తీసుకొచ్చాను. అక్క మంచానికి ఎదురుగా కిటికీ, కిటికీ అవతల చేలు. నాట్లు వేశారు. నెల గడిచింది. క్యాలెండరు మీద గీత లేదు. ఇన్నేళ్ళలో నాట్ల నెల గీత లేకుండా గడవడం అదే మొదలు. ఆగస్టు మొదటి ఆదివారం పొద్దున్న నేనే మంచం దగ్గరికి వెళ్ళి, ఇవాళ వెళ్దామక్కా, ఆటో మాట్లాడతాను, నెమ్మదిగా కూర్చోబెడతాను అన్నాను.

అక్క తల అడ్డంగా ఊపింది.

"గీతేమీ లేదక్కా. చూడు."

"నేను మానలేదే." మాట ముద్దగా వచ్చేది అప్పటికి. "నోరు మానేసింది. అది నా గొప్పా?"

"ఎలా మానినా మానినట్టే కదా."

"చెయ్యి విరిగినోడు కొట్టడం మానేశానంటే నువ్వు ఒప్పుకుంటావా? బళ్ళో పిల్లలు అలా చెప్తే ఒప్పుకున్నావా?" అంది.

సెప్టెంబరులో రాలేదు. అక్టోబరులో రాలేదు. పుండు మళ్ళీ తిరగబెట్టింది. ఇంక చేసేదేమీ లేదు, ఇంట్లోనే చూసుకోండి అన్నారు డాక్టరు. అక్క బల్ల తీసుకోకుండానే వెళ్ళిపోతుందేమోనని నాకు గుబులు పట్టుకుంది. ఇన్నేళ్ళూ వద్దన్నది నేను. ఇప్పుడు నేను బతిమాలుతుంటే తను వద్దంటోంది. పైగా నేను నేర్పిన లెక్కతోనే.

అయ్యగారితో చెప్పాను. నవంబరు 21 గురువారం, సాయంత్రం నాలుగింటికి ఆయన సైకిలు మోటారు మీద వచ్చారు. చిన్న డబ్బాలో రొట్టె, సీసాలో ద్రాక్షరసం తెచ్చారు గానీ సంచిలోంచి తియ్యలేదు. కుర్చీ మంచం పక్కకి లాక్కుని కూర్చున్నారు. ఆయన అక్కని మామ్మగారూ అని పిలిచేవారు. బల్ల ఎందుకు వద్దంటున్నారని అడిగారు. అక్క నాకు చెప్పిందే ఆయనకీ చెప్పింది. ఆగి ఆగి, మధ్యలో గుడ్డతో నోరు తుడుచుకుంటూ. చివర్లో ఇంకో మాట కలిపింది, అది నాకు చెప్పనిది.

"ఇప్పటికీ కావాలనే ఉందండి. పొద్దున్న లేవగానే అదే గుర్తొస్తుంది. ఇంత బాధలోనూ."

"గుర్తొచ్చినప్పుడు ఏం చేస్తారు మామ్మగారూ?"

"ఆయనతో చెప్తానండి."

"ఏమని?"

"ఇదిగో, మళ్ళీ కావాలనిపిస్తోంది, నన్నేం చెయ్యమంటావు అని."

"మరి ఆయన ఏమంటారు?"

అక్క కాసేపు కిటికీలోకి చూసింది. "ఏమీ అనడండి. ఉంటాడు అంతే. పోడు."

అయ్యగారు ప్రసంగం చేస్తారేమో అనుకున్నాను. చెయ్యలేదు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు.

"మామ్మగారూ, మానాక రమ్మంటే ఆ బల్ల దగ్గరికి నేనూ రాలేనండి" అన్నారు. "నాక్కూడా ఉన్నాయి మానలేనివి. ఆయన పక్కన ఉన్నాడని మీరే చెప్తున్నారు. పక్కన కూర్చున్నవాడు పెడుతుంటే తినడానికేంటండి?"

అక్క నావైపు చూసింది. అడిగే చూపది. నేను మంచం పట్టీ పట్టుకుని ఏడ్చేశాను. ఆమె అది జవాబనుకుందో, ఇంక నన్ను అడగనవసరం లేదనుకుందో, ఆయన వైపు తిరిగి నోరు తెరిచింది. తెరవగలిగినంత.

రొట్టె మింగలేదని, చిటికెడు విరిచి ద్రాక్షరసంలో నానబెట్టి చెంచాతో నాలుకమీద పెట్టారాయన. పులుపు పుండుకి తగిలింది. అక్క ఒళ్ళంతా బిగుసుకుంది. ఉమ్మేస్తుందేమోనని నేను గుడ్డ పట్టుకుని ముందుకి వంగాను. నా చెయ్యి నెట్టేసింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతుండగా అది కరిగేదాకా అలాగే ఉంచుకుని, ఎన్నిసార్లు ప్రయత్నించిందో, మింగింది.

ఆ తరవాత కోరిక పోయిందని రాస్తే బాగుంటుంది. పోలేదు. మధ్యాహ్నాలు నేను పక్కగదిలో ఉంటే అక్క మెల్లగా గొణగడం వినిపించేది. "ఇదిగో, మళ్ళీ వచ్చింది" అని. ఎవరితోనో తలుపు సందులోంచి మాట్లాడుతున్నట్టు ఉండేది. అందులో ఏడుపు లేదు. ఆ క్యాలెండరు నేను డిసెంబరు ఆఖరుకి తీసేశాను, కొత్తది తగిలించలేదు.

2025 జనవరి 8, బుధవారం పొద్దున్న ఆమె పోయింది.

మాలో మూడోరోజు ఆదరణ కూడిక పెడతారు. పోయినవాళ్ళ జీవిత విశేషాలు ఒక కాగితం మీద రాసి అందరి ముందూ చదువుతారు. పుట్టిన తేదీ, పెళ్ళి, బాప్తిస్మం, సంఘంలో చేసిన సేవ. ఊళ్ళో ఎవరు పోయినా ఆ కాగితం నాచేతే రాయిస్తారు, తేదీలు తప్పు రావని. మా సంఘపెద్ద వచ్చి అక్కది కూడా నన్నే రాయమన్నారు. చుట్ట మీద ఆమె పొందిన విజయం గురించి గట్టిగా రాయమన్నారు.

"ఏ తేదీన మానేశారో అది కూడా వెయ్యండమ్మా. మన కుర్రాళ్ళకి సాక్ష్యంగా ఉంటుంది."

రాయడానికి కూర్చున్నాను. మొదటి వరసలోనే చెయ్యి ఆగింది. అక్క పుట్టిన తేదీ ఎవరూ రాసిపెట్టలేదు. నన్ను బళ్ళో చేర్చడానికి వేలు పట్టుకుని తీసుకెళ్ళింది తనే. మాస్టారు అడిగితే నా పుట్టినరోజు తోచింది చెప్పింది. ఆ తేదీకే ఉద్యోగం చేశాను, ఆ తేదీకే రిటైరయ్యాను. ఆమెది అడిగినవాళ్ళు లేరు. తెలియదు అని రాశాను. చుట్ట మానిన తేదీ దగ్గరికి వచ్చాక ఇంకా ఎక్కువసేపు కూర్చున్నాను.

కూడికలో నేనే చదివాను. "చుట్ట మానాలని మా అక్క పదకొండేళ్ళు ప్రయత్నించింది. మానలేకపోయింది. పడిన ప్రతిసారీ దాచకుండా దేవునితో చెప్పుకుంది. నవంబరు 21న మా ఇంట్లో ప్రభువు బల్ల తీసుకుంది." అంతే చదివి కూర్చున్నాను. సంఘపెద్ద నేలచూపులు చూశారు. అయ్యగారు ప్రార్థన చేశారు.

అక్క కూతురు ఆడవాళ్ళ వరసలో ముందు కూర్చుని ఉంది. భోజనాల దగ్గర నా విస్తరి పక్కన కూర్చోలేదు. సామాను సర్దుకుంటూ, "పోయాక కూడా అమ్మ పరువు తీశావు పిన్నీ. మానేసిందని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది?" అంది. కొవ్వూరు బస్సెక్కేటప్పుడు వెళ్ళొస్తానని చెప్పలేదు. అబద్ధం రాయలేకపోయాను గానీ, ఆ పిల్ల అన్నదాంట్లో తప్పుందని ఇప్పటికీ అనుకోను. తల్లి గోడ దగ్గర కూర్చున్న ఆదివారాలు వచ్చిపోతూ అది చూసింది. కూర్చోబెట్టిందెవరో కూడా దానికి తెలుసు.

రెండు నెలలు ఫోన్ లేదు. నేను చేస్తే ఎత్తేది కాదు. మార్చి నెలలో ఒక మధ్యాహ్నం తనే చేసింది. ఆరోగ్యం అదీ అడగలేదు.

"పిన్నీ, అమ్మ నిజంగా బల్ల తీసుకుందా? నువ్వు ఊరికే రాయలేదు కదా?"

"తీసుకుందమ్మా."

"నోరు అలా ఉండగానా? ఎలా మింగింది?"

చెప్పాను. పులుపు తగలడం, నా చెయ్యి నెట్టెయ్యడం, అన్నీ.

"ఏ తేదీ అన్నావు?" అంది.

"నవంబరు ఇరవై ఒకటి. గురువారం. సాయంత్రం."

"ఉండు" అంది. పెన్ను కోసం వెతుకుతున్న చప్పుడు వినిపించింది.