క్యాసెట్ల సంచి ఎవరింటికి?

ఈ సాయంత్రం గోల్‌మురిలో మా వీధివాళ్లంతా కలిసి, బూతు సినిమాలు వేస్తున్న వీడియో పార్లర్‌ను మూయించారు. అలాంటివి దేశంలోనే నిషేధించాలని అందరికంటే గట్టిగా అరిచిన సింహాచలంగారు, అక్కడ దొరికిన క్యాసెట్ల సంచి చంకన పెట్టుకుని ఇంటిదారి పట్టారు. మా పక్కింటి నరసమ్మత్త అడ్డం నిలబడింది.

"ఏటి బావూ, ఇక్కడే తగలెట్టకుండా ఎక్కడికి అట్టుకెల్తన్నావు?"

"ఏది బూతో, ఏది కాదో చూసి తేల్చాల కదప్పా!"

"చూడ్డానికి మీ ఇంట్లో వీసీఆర్ ఉన్నాదేటి?"

"నిన్ననే అద్దెకి తెచ్చినాను," అని ఆయన నోరు జారారు.

అత్త సంచి లాక్కుని, నడివీధిలో కిరసనాయిలు పోసి అంటించింది. మంట ఆరేదాకా సింహాచలంగారు కదల్లేదు.

నిషేధం కావాలనే నేనూ అంటాను. కానీ దేన్ని నిషేధించాలో చూసి తేల్చే పని ఎవరికి అప్పగించాలి? మీరైతే ఎవరిని నమ్ముతారు?