అడిగి చూసిన రోజు

నా చిన్నప్పుడు, నాలుగో క్లాసు అయిపోయిన వేసవిలో, నన్ను పట్టుకున్న జ్వరం నెల దాటినా వదల్లేదు. పొట్టలో ఎడమ పక్క గట్టిగా గడ్డలాంటిది చేతికి తగలడం మొదలయ్యాక నాన్న భయపడి, చెరుకుపల్లి నుంచి నన్నూ అమ్మనూ తెనాలి తీసుకొచ్చి మా పెద్ద మావయ్య దగ్గర చేర్పించాడు. ఆయన అమ్మకు స్వయానా అన్న, అక్కడి ఒక ఆసుపత్రికి పెద్ద డాక్టరు. డాక్టరు చదువు చివరికొచ్చిన కుర్రాళ్ళు ఏడుగురు ఆయన దగ్గర పని నేర్చుకుంటూ ఉండేవాళ్ళు. ఆ ఆసుపత్రి ఇప్పుడు లేదు.

మాకు మూడో నంబరు గది ఇచ్చారు. గుమ్మానికి తెర, అమ్మకు వేరే మంచం. జ్వరం లేని పూట నాకు ఏమీ తోచేది కాదు. వరండా చివర జనరల్ వార్డు ఉండేది. అమ్మ కునుకు తీస్తే నేను వెళ్ళి ఆ గుమ్మం పట్టుకుని నిలబడేదాన్ని.

ఆ రోజు అలాగే వెళ్ళాను. రేపల్లె అవతల ఏదో ఊరి నుంచి వచ్చిన కూలి మనిషి ఒకామె గోడవారగా మంచం మీద ఉంది. ఆమెకూ నాలాంటి జబ్బే. ఏడుగురూ ఆమె చుట్టూ చేరారు. ఒకడు చీర పక్కకు లాగి పొట్ట నొక్కి చూశాడు, తర్వాత ఇంకొకడు, తర్వాత ఇంకొకడు. ఆమె కొంగు మొహం మీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది. నర్సమ్మ చూడలేక, "ఆవిడకి నొప్పిగా ఉందండి" అంది. వాళ్ళలో పొడుగాటి అబ్బాయి తల తిప్పకుండానే, "వాళ్ళకి అలవాటేలెండి" అన్నాడు.

నిజం చెప్పాలంటే నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. వింత చూస్తున్నట్టు చూస్తూ నిలబడ్డాను. నా వెనకాల మావయ్య వచ్చి ఉన్నాడని, ఆ మాట ఆయన విన్నాడని నాకు తెలియదు.

ఆయన కోప్పడలేదు. "ఇదే జబ్బు ఇంకొకరికి కూడా ఉంది. మూడో నంబరుకి రండి" అన్నాడు, అంతే.

పరిగెత్తుకెళ్ళి మంచం ఎక్కి దుప్పటి కప్పుకున్నాను. తెర తొలగింది. ఏడుగురూ లోపలికొచ్చి, ఇది సారు మేనకోడలని గుర్తుపట్టి, గోడకు అతుక్కుపోయినట్టు నిలబడ్డారు. అమ్మ ఉలిక్కిపడి లేచింది.

"ఇదేంటన్నయ్యా, ఆడపిల్ల గదిలోకి ఇంతమందిని..."

"అక్కడున్నది కూడా ఆడమనిషే కదమ్మా" అన్నాడు మావయ్య నెమ్మదిగా. తర్వాత నా పక్కన కూర్చున్నాడు. "వీళ్ళు ఏడుగురూ నీ పొట్ట నొక్కి చూస్తారంట. కాస్త నొప్పిగా ఉంటుంది. వాళ్ళు నేర్చుకోడానికే గాని, దాంతో నీ జబ్బు తగ్గేదేమీ లేదు. చూడమంటావా, వద్దంటావా?"

మందు తాగమంటే తాగడం, చెయ్యి చాపమంటే చాపడం తప్ప, నన్ను ఎవరైనా ఇలా అడుగుతారని నేను ఎప్పుడూ అనుకోలేదు. చివరికి "వద్దు" అన్నాను.

"వద్దంది. పదండి" అని ఆయన లేచాడు. ఒక్క మాటకు అంతమంది పెద్దవాళ్ళు వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంటే నేను నోరు తెరుచుకుని చూశాను. అమ్మ ఆపుతున్నా వినకుండా వాళ్ళ వెనకే వెళ్ళాను.

మావయ్య స్టూలు లాక్కుని ఆమె మంచం పక్కన కూర్చున్నాడు. పేరు అడిగాడు. కుర్రాళ్ళలో ఒక్కడికీ ఆ పేరు తెలియదు. తర్వాత నన్ను అడిగిందే ఆమెనూ అడిగాడు. "మీరు చూడమంటారా, వద్దంటారా?"

ఆమె అటూ ఇటూ చూసింది. 'మీరు' అన్నది తననేనని ఆమెకు తట్టలేదు.

"నన్నాండి?"

"మిమ్మల్నేనమ్మా."

ఆమె గొంతు తగ్గించి, "వద్దంటే మందు ఆపేస్తారాండి?" అంది.

మావయ్య మొహం తెల్లబోయింది. "అట్టాగని ఎవరన్నారమ్మా?"

"ఎవరూ అనలేదండి. నేనే అనుకున్నానండి."

పదిహేను రోజులుగా ఆమె రోజూ పొద్దున్నే ఆ చేతులకు తన ఒంటిని అప్పగించింది, మందు ఆగిపోతుందన్న భయంతో. అది ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు, మావయ్యకు కూడా. పొడుగాటి అబ్బాయి నేల చూపులు చూస్తున్నాడు. మందు ఆపేది లేదని, ఏమైనా సరే ఆపేది లేదని మావయ్య రెండుసార్లు చెప్పాక, ఆమె కొంగు సర్దుకుని "అయితే వద్దండి" అంది. మావయ్య "నేనే అడిగి ఉండాల్సింది" అన్నాడు, ఆమెతోనో తనతోనో.

ఆ మర్నాటి నుంచి ఆయన ఒక పద్ధతి పెట్టాడు. జనరల్ వార్డయినా, స్పెషల్ గదయినా, పేరు అడిగి, ఒప్పుకుంటేనే ముట్టుకోవాలి. గదుల్లో ఉన్న పెద్దింటి వాళ్ళు, కుర్రాళ్ళు నేర్చుకోడానికి మమ్మల్ని కూడా అడగడమేంటని గొడవ చేశారు. ఆసుపత్రి నడిపేవాళ్ళు పిలిచి చెప్పి చూశారు. ఆయన మార్చలేదు. నాలుగు రోజులు పోయాక జనరల్ వార్డులో ఆమే ఆ పొడుగాటి అబ్బాయిని పిలిచి, "మీరొక్కరూ చూడండి బాబూ. చేతులు కాస్త వెచ్చజేసుకుని రండి" అంది. అతను చేతులు రుద్దుకుంటూ వెళ్ళడం నేను చూశాను.

నేను డాక్టర్ని కాలేదు. బాపట్లలో కాలేజీలో పాఠాలు చెప్పి, ఆఖర్న కొన్నాళ్ళు ప్రిన్సిపాల్‌గా చేసి రిటైరయ్యాను. నేను ఏది అడిగినా నా ముందు నిలబడి "సరేనండి" అన్న పిల్లలు ఎందరో. సీటు పోతుందనో, హాస్టల్ నుంచి పంపేస్తారనో, మనసులో ఏం అనుకుని ఆ మాట అంటున్నారో అని నాకు అనుమానం వచ్చేది. అప్పుడు, కాదన్నా ఏమీ పోదని ముందు చెప్పి, మళ్ళీ అడిగేదాన్ని. చాలామంది జవాబు మార్చుకునేవాళ్ళు. తొందరలో ఉండి అలా అడగకుండా, ఒప్పుకున్నట్టు సంతకం పెట్టించుకున్న రోజులూ ఉన్నాయి. ఆ పిల్లల మొహాలే నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంటాయి.