పాత చిరునామా

ఆఫీసులో అందరూ ఆవిడను సి అక్క అనేవారు. ఇరవై రెండేళ్లుగా సి అనే కంప్యూటర్ భాషలోనే ప్రోగ్రాములు రాసిన మనిషి. మెమరీలో ఏ వివరం ఎక్కడుందో ఆ చిరునామాను పట్టుకుని ఉండే పాయింటర్లు ఆవిడకు కొట్టినపిండి. ఆసుపత్రి కౌంటరులో రోగుల పరిస్థితి చూపే ప్రోగ్రామూ అక్క చేతి పనే.

ఒక సాయంత్రం హెడ్ నర్సు ఫోన్ చేసింది. "మేడమ్, పోయినాయన బాగున్నాడని చెప్పింది మీ కంప్యూటర్. ఒకసారి రండి."

ఆ రోజు తెల్లవారుజామున ఒక టైలరు గుండె ఆగి పోయాడు. ఇంటికి ఫోన్ కలవలేదు. ప్రోగ్రాము అతని రికార్డును తీసేసి, మెమరీలో ఆ చోటును కొత్త రోగికిచ్చింది. కౌంటరులో అతని నంబరుకున్న పాయింటరు మాత్రం పాత చిరునామాను వదల్లేదు. పదింటికి టైలరు భార్య వచ్చి భర్త నంబరు చెప్తే, తెర మీద కొత్త రోగి సంగతి కనిపించింది: కులాసా, రేపు ఇంటికి పంపవచ్చు. ఆ తెర మీద పేర్లుండవు. ఆమె ఉతికిన బట్టలు తేవడానికి ఇంటికి పరుగెత్తింది. మధ్యాహ్నం తిరిగొచ్చి వార్డులో కర్టెను తొలగిస్తే, భర్త మంచం మీద ఎవరో ముసలాయన.

రికార్డు తీసేశాక పాయింటరును ఖాళీ చేయాల్సిన ఒక్క వరుస అక్క రాయలేదు.

"జావా భాషలో అయితే, ఎవరో ఒకరు పట్టుకుని ఉన్నంతసేపు ఆ చోటు ఇంకొకరికి పోదక్కా. రస్టు భాషలో ఇలా రాస్తే, రాసింది సరిచూసే కంపైలరే ఒప్పుకోదు," అన్నాడు పక్క సీటు కుర్రాడు ఓదార్పుగా.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు భాషనెందుకు అనడం? మర్చిపోయింది నేను."

వారం తర్వాత అక్క టైలరు ఇంటికి వెళ్లింది. ముందు గదిలో కుట్టుమిషను మీద సగం కుట్టిన చొక్కా అలాగే ఉంది.

"తప్పు నాదేనమ్మా," అంది నిలబడే.

టైలరు భార్య ఆ చొక్కా వైపు చూసింది. "చావు మీరు తేలేదు. కానీ నాన్న రేపొచ్చేస్తాడని పిల్లకి నా నోటితోనే చెప్పించారు. అదిప్పుడు నా మాటేదీ నమ్మట్లేదు."

క్షమించానని ఆమె అనలేదు, అనమని అక్కా అడగలేదు.

ఎనిమిది నెలలు కూర్చుని ఆ ప్రోగ్రామంతా రస్టులో తిరగరాసింది అక్క. పక్క సీటు కుర్రాడి దగ్గరే ఓనమాలు దిద్దుకుంది. అప్పగించిన రోజు మీటింగులో అందరూ చప్పట్లు కొడుతుంటే, మధ్యలోనే లేచి వెళ్లి, మెట్ల మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.