కుందేలుకు పట్టుపురుగు మేత

పట్టుపురుగులు సాకిన చేత్తో కుందేలును సాకబోయి నేను కొనితెచ్చుకున్న చేటు ఇది. మీరు ఇప్పుడే నవ్వుకోవచ్చు. మా ఆవిడకు నవ్వు రావడానికి మాత్రం మూడేళ్లు పట్టింది.

అరవైల మొదట్లో మాట. హిందూపురం శివార్లలో అవ్వా, నేనూ పట్టుపురుగులు పెంచేవాళ్లం. నాకు కొత్తగా పెళ్లయింది. భార్య రత్న మా మేనమామ కూతురే. పెనుకొండ నుంచి కాపురానికి వస్తూ బుట్టలో రెండు నెలల కుందేలు పిల్లను తెచ్చుకుంది. రెండు రోజులు పుట్టింటికి పోతూ గుమ్మంలో నిలబడి మరీ చెప్పింది.

"బావా, దీనికి ఎండుగడ్డి, నీళ్లు. అంతే. కూరగాయలు, పండ్లు ఇంకా అలవాటు కాలేదు. పెట్టాలంటే ఏదైనా ఒకటి, గోరంత పెట్టి, మర్నాడు పెంటికలు గట్టిగా పడినాయా లేదా చూడల్ల. దీనికేమన్నా అయ్యిందా, నేను పెనుకొండలోనే ఉండిపోతా."

"వేల పురుగుల్ని సాకినోణ్ని. ఒక్క కుందేలు నాకొక లెక్కా? పోయిరా."

కొత్త మొగుడు కుందేలు కడుపెరగడు. పురుగులింట్లో మాకు తెలిసిన ధర్మం ఒక్కటే: ఎంత మేస్తే అంత మేలు. జట్కా మలుపు తిరిగిందో లేదో క్యారెట్టు తరిగాను. తినేసింది. క్యాబేజీ వేశాను. అదీ తినేసింది. ద్రాక్ష, అరటిపండు, కర్బూజా తొక్క... పెళ్లి బంతిలో మగపెళ్లివారిలా దేనికీ వద్దనలేదు. నాకు కాలు ఒకచోట నిలవలేదు. తోటకు, అంగడికి, మళ్లీ కుందేలు దగ్గరికి.

"ఏంరా, పొద్దున్నించీ దాని చుట్టూ గానుగెద్దు మాదిరి తిరగతాండావు?" అంది అవ్వ.

"రత్న వచ్చేసరికి రెండింతలు కావాల అవ్వా!"

"అవుతాదిలే. దాని కడుపు."

మర్నాడు పొద్దున కుందేలు మేత ముట్టలేదు. ఒక మూల ముడుచుకుని కూర్చుంది. మీరైతే బెదిరిపోయేవారు. నేను సంబరపడ్డాను. పట్టుపురుగు పొర విడిచే ముందు మేత మాని, కదలకుండా పడి ఉంటుంది. అప్పుడు దాన్ని కదిలించకూడదు.

"అవ్వా, పొర విడుస్తాంది! అలికిడి చేయొద్దు."

"బొచ్చున్నదానికి పొర యాడుంటాదిరా?"

"నీకు తెల్దు, ఊరకుండు."

దాన్ని పురుగుల తట్టలో పెట్టి పల్చని గుడ్డ కప్పాను. కప్పానే గాని మనసు ఆగదే! ఐదు నిమిషాలకోసారి గుడ్డ ఎత్తి, పొర చిట్లిందేమోనని చూశాను. మధ్యాహ్నానికి పొర చిట్లలేదు సరికదా, పొట్ట తంబురా బుర్రలా బిగిసింది. అప్పటికి నా పాండిత్యానికీ చెమట పట్టింది.

అంతలో వాకిట్లో జట్కా ఆగింది. కుందేలు మీద బెంగతో రత్న ఒక పూట ముందే వచ్చేసింది. వెనకే ఆమె మూట మోస్తూ జట్కా తోలే మస్తాన్ సాబు.

"బావా, యాడ నా కుందేలు?"

అవ్వ తట్ట వైపు చెయ్యి చూపింది.

"ఆడుండాది తల్లీ. పట్టుగూడు కడతాదని మీ బావ కాచుకోనుండాడు."

రత్న గుడ్డ లాగి చూసి భోరుమంది. మస్తాన్ సాబు దాని పొట్ట తడిమాడు.

"ఏమప్పా, పచ్చిమేత ఎక్కువైతే నా గుర్రానికీ ఇట్లే బిగుస్తాది. ఏమేం పెట్టినావు?"

చెప్పాను.

"నా పెండ్లిలో కూడా ఇన్ని పెట్టలేదబ్బా!"

ఆయన గుడ్డ వెచ్చచేసి మెల్లమెల్లగా పొట్ట నిమురుతూ కూర్చున్నాడు. మేం ముగ్గురం కుందేలు తోక వైపు చేరి, ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. పొద్దు వాలే వేళకు ఒక పెంటిక రాలింది. తర్వాత ఇంకొకటి. ముని మనవడు పుట్టినంత సంతోషంగా అవ్వ చేతులెత్తి మొక్కింది. కుందేలు లేచి ఒక గడ్డిపోచ కొరికింది.

రత్న కళ్లు తుడుచుకుని, "నేనింక పెనుకొండకు పోను" అంది.

నాకు ప్రాణం లేచివచ్చింది.

"నేను పోతే దీన్ని చూసేదెవరు? నువ్వే పో. పది దినాలు మా అమ్మ దగ్గరుండు. మస్తాన్ తాతా, బండి టేషనుకు తిప్పు."

పెనుకొండ రైల్లో కిటికీ పక్కన కూర్చుని, కొండల సాక్షిగా ప్రమాణం చేశాను: నాలుగు కాళ్లున్న ఏ జీవికీ ఇక నా చేత్తో మేత పెట్టనని. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా మాట తప్పలేదు. కుందేలు బతికినన్నాళ్లూ రత్న నన్ను కత్తిపీట ముట్టుకోనివ్వకపోవడం కూడా అందుకు కొంత సాయపడింది.