భద్రమ్మ తమ్ముడి వీపు

తిప్పేస్వామి వీడియోలు చూసి కన్నీళ్లు పెట్టుకునేవాళ్లు రెండు లక్షల మంది ఉన్నారట. అన్నాచెల్లెళ్ల ప్రేమ మీద వాడు తీసే కథలు అంత గొప్పవట. ఆ రెండు లక్షల్లో ఒక్కరైనా మడకశిర అవతల వాడి సొంతూరికి వచ్చి, వాడి అక్క భద్రమ్మను పలకరించి ఉంటే బాగుండేది. తమ్ముడి పేరెత్తితే ఆమె మొహం కాకరకాయ నమిలినట్టు అవుతుంది.

భద్రమ్మకు పదమూడో ఏట తల్లి పోయింది. నాయన గొర్రెలు తోలుకుని మేత కోసం నెలల తరబడి కర్ణాటక వైపు తిరిగేవాడు. ఐదేళ్ల తమ్ముణ్ణి సాకింది ఆమే. బడి మానేసింది, వాడికి సంగటి కెలికి తినిపించింది, వాడి చీమిడి తుడిచింది. వాడికి ఎనిమిదేళ్లప్పుడు వేరుశనగ చేలో పాము కరిస్తే వీపున వేసుకుని మూడు మైళ్లు పరుగెత్తి బస్సెక్కించింది. వాడు బతికాడు. అప్పటినుంచి ప్రతి నాగుల పంచమికీ ఆమె పస్తుండి, పుట్టకు పాలు పోసి, మిగిలిన పాలతో తమ్ముడి వీపు కడిగేది. తోడబుట్టినది పస్తుండి కడిగిన వీపుకు ఏడాది దాకా ఏ గండమూ ఉండదని ఆ పల్లెల్లో నమ్మకం. మిగతా ఆడవాళ్లకు అది పండగ. భద్రమ్మకు మాత్రం అదొక భయం.

హిందూపురంలో కాపురం పెట్టి వీడియోల్లో పడ్డాక తిప్పేస్వామి పంచమికి రావడం మానేశాడు. ఎనిమిదేళ్లు రాలేదు. ఆమె ఏటేటా వాడి పాత బడిచొక్కా మేకుకు తగిలించి దాని వీపుకే పాలు పూసేది. మొగుడు బసప్ప నవ్వితే నవ్వనిచ్చేది.

అసలు అసహ్యం పుట్టింది పోయినేడు. భద్రమ్మకు హిందూపురంలోనే కడుపు ఆపరేషన్ అయింది. తమ్ముడి ఇల్లు ఆ ఆస్పత్రికి నాలుగు వీధులు. కబురు పంపి, ఆరు రోజులు గుమ్మం వైపే చూస్తూ పడుకుంది. వాడు రాలేదు. నాలుగో రోజు నర్సమ్మ కళ్లు తుడుచుకుంటూ వచ్చి సెల్లు చూపించింది. అందులో తిప్పేస్వామి ఒక ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని, కూలికి తెచ్చుకున్న చెల్లెలు అనుపమకు గంజి తాగిస్తూ, "నువ్వు లేకుంటే నేనెట్ల బతికేది తల్లీ" అని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

"పుడితే ఇట్లాంటోనికి చెల్లెలై పుట్టల్లమ్మా," అంది నర్సమ్మ.

భద్రమ్మ ఆ సెల్లును చేత్తో అవతలికి నెట్టేసింది.

అట్లాంటివాడు ఈ పంచమి పొద్దున కారులో దిగాడు. వెంట పట్టుచీరలో అనుపమ, కెమెరాతో ఓబిలేష్. పస్తుతో, పాలచెంబుతో పుట్టకు బయలుదేరుతున్న భద్రమ్మకు అన్నీ మరిచిపోయి ప్రాణం లేచొచ్చింది. పిచ్చిది!

"వచ్చినావా నాయనా! కడుపుకేమన్నా తిన్నావా?"

"అవన్నీ తర్వాతక్కా. నువ్వు వీపు కడిగేది వీడియో తీయల్ల. జనం నిజం అక్కను అడుగుతాండారు."

ఆమె పుట్టకు పాలు పోసి మొక్కింది. వాడు చొక్కా విప్పి కూర్చున్నాడు. చెయ్యి వెయ్యబోతే, నీడ పడుతోందని ఓబిలేష్ ఆపాడు. రెండోసారి మొహంలో ఏడుపు లేదని ఆపాడు.

"రోంత ఏడ్వక్కా," అన్నాడు తమ్ముడు.

ఆమెకు ఏడుపు రాలేదు. వాడు ఆమె మొహాన్ని సంతలో గొర్రెను చూసినట్టు చూశాడు. "ఒక పని చేద్దాం. మొహం అనుపమది పెడతాం. చెంబు పట్టుకున్న నీ చేతులు చాలు. కష్టం చేసిన చేతులు గదా, బాగా అగపడతాయి."

చెంబు పట్టుకున్న ఆమె చేతుల వరకే వీడియో తీసుకున్నారు. తర్వాత అనుపమ చెంబు అందుకుని, ఇడ్లీ తిని వచ్చిన నోటితో "అన్నా" అని బావురుమంటూ ఆ వీపు కడిగింది. వాడూ ఏడ్చాడు. పని కాగానే ఇద్దరూ టక్కున ఆపి సెల్లులో చూసుకున్నారు. భద్రమ్మకు ఉమ్మెయ్యాలనిపించింది. పరాయి పిల్ల తిని కడిగింది కడిగినట్టు కాదు. వాడిని అట్లాగే పోనిస్తే? ఏమైతే నాకేమి అనుకుంది. అనుకున్నందుకు చెంపలేసుకుంది.

చెంబులో గుక్కెడు పాలు మిగిలాయి. వాడు చొక్కా తొడుక్కోబోతుంటే లాగేసింది.

"అయిపాయె గదక్కా, ఇంకెందుకు?"

"కూచో."

మెడ పట్టి కూర్చోబెట్టింది. పాలు పోసి, ఎనిమిదేళ్ల మురికి వదిలించినట్టు వీపంతా గట్టిగా రుద్దింది. కళ్లలోంచి నీళ్లు వాటంతట అవే కారాయి.

"ఇదన్నా! ఇదే కావల్ల!" ఓబిలేష్ కెమెరాతో పరుగెత్తుకొచ్చాడు.

"అది ఎత్తినావంటే ఈ చెంబు నీ నెత్తిన పగులుతుంది," అంది భద్రమ్మ. అతను దించాడు.

తిప్పేస్వామి వీపు తుడుచుకున్నాడు. "తప్పకుండా వచ్చేయేడు కూడా వస్తానక్కా. అప్పుడు నీ మొహమే పెడదాం."

"రావద్దు," అంది ఆమె. "నూరేండ్లు బతుకు. యాడన్నా బతుకు. నా కంటికి మాత్రం అగపడాకు."