చిలకమ్మ అడుగుకు పేరు

ఒక అడుగుకు పేరు తెలుసుకోవడానికి అరకు వెళ్లాను. పొద్దున్న ఆరింటికే విశాఖ స్టేషనుకు చేరి, కిరండూల్ పాసింజరుకు టిక్కెట్టు తీసుకుని, జనరల్ పెట్టెలో కిటికీ పక్క చోటు సంపాదించాను. ఏడు కావస్తుండగా బండి కదిలింది.

నేను నాట్యం చేస్తాను. కూచిపూడి నేర్చుకున్నాను గానీ ఇరవై ఏళ్లుగా చేస్తున్నది ఆధునిక నాట్యం. నాకు బృందం లేదు, జీతం లేదు. పొద్దున అపార్ట్‌మెంట్లలో ఆడవాళ్లకు వ్యాయామం నేర్పి, మధ్యాహ్నం అద్దె హాల్లో ఒక్కదాన్నే సాధన చేసుకుంటాను. నా పద్ధతి ఒకటే, మనుషుల నడకలు చూసి అందులోంచి అడుగులు తీసుకుంటాను. వల లాగే మనిషి వెనకడుగు, కదిలే బస్సులో కండక్టరు నిలబడే తీరు, ఏదైనా సరే. 'నడకల దొంగ' అని స్నేహితులు ఏడిపించేవారు. అది నాకో బిరుదులా ఉండేది.

మూడేళ్ల కిందట అరకు పక్క కొండమీది ఊళ్లో ఒక పెళ్లికి వెళ్లి థింసా చూశాను. ఆడవాళ్లు ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసుకుని వరసగా ఆడుతున్నారు. మధ్యలో చిలకమ్మ అనే ఆవిడ ఎడమ పాదం ఒక క్షణం ఆలస్యంగా, నేలను రాసుకుంటూ ఆనేది. ఆ అడుగు దగ్గర వరసంతా ఆగేది. ఆ పాదాలను మాత్రం ఫోనులో తీసుకున్నాను. దాని మీద అల్లిన నా ఒంటరి నాట్యం 'సగం అడుగు' నాకు పేరు తెచ్చింది. "కొండవాళ్లు భూమిని అనుమతి అడిగే అడుగు" అని కరపత్రంలో రాసుకున్నాను. నన్నెవరూ అలా రాయమనలేదు. ఇప్పుడు బెంగళూరులో ఒక నాట్య సంస్థవాళ్లు ముప్పైమందికి అది నేర్పమన్నారు, అడుగు అసలు పేరూ పుట్టుకా రాసి పంపమన్నారు. అందుకే ఈ ప్రయాణం.

ఎస్.కోట దాటాక సొరంగాలు మొదలవుతాయి. వెళ్లదలచినవాళ్లు ఆలోపే ఇడ్లీ తినేయండి. చీకట్లో నా చట్నీ నా చీర మీదికే వచ్చింది. ఎదురుగా కూర్చున్న ఉల్లిపాయల వ్యాపారి పలకరించాడు.

"సూడ్డానికా అమ్మా, పని మీదా?"

"నాట్యం పని."

"అరకులో నాట్యం నేర్పేదేటి? అక్కడ పిల్లా గుంటా అందరికీ వచ్చు గదా!"

"నేర్పడానికి కాదు, అడగడానికి" అన్నాను, గొప్పగా.

పదకొండు దాటాక అరకులో దిగి, షేరు జీపులో అరగంట, ఆ తర్వాత ఎక్కుడు దారిలో నడక. అలిసిపోతే నా ఎడమ కాలు దానంతట అదే ఈడుస్తుంది. మూడేళ్ల సాధన ఒంటికి పట్టిందని మురిసిపోయేదాన్ని. ఆ రోజూ మురిశాను.

చిలకమ్మ వాకిట్లో కాఫీ పళ్లు ఎండబోస్తోంది. నన్ను గుర్తుపట్టి రాగి అంబలి ఇచ్చింది. ఆవిడ వదిన సోములమ్మ కూడా వచ్చి కూర్చుంది. ఇద్దరికీ ఫోనులో నా నాట్యం పెట్టి చూపించాను.

"ఈ అడుగును మీరేమంటారక్కా?"

చిలకమ్మ ముందు నవ్వింది. చూస్తూ చూస్తూ నవ్వు ఆపేసింది. జవాబు సోములమ్మ చెప్పింది.

"పేరేటమ్మా? చిలక కాఫీ మూటతో జారిపడింది, కాలిరిగింది. పసరు కట్టు కట్టినాం గానీ ఎముక వంకరగా అతుక్కుంది. అందుకే ఈడుత్తాది."

తల తీసేసినట్టయింది నాకు. అయినా ఊరుకోలేక, వరసంతా ఆ అడుగు దగ్గర ఆగడం చూశాను కదా అన్నాను.

"దాని కోసమే ఆగుతాం. అటొకర్తి, ఇటొకర్తి పట్టి బరువు మేం తీసుకుంటాం. వరసలో ఉంటే ఎవులికీ తెల్దు. ఇన్నేళ్లలో ఎవులూ కనిపెట్టనేదు."

కనిపెట్టింది నేను. పక్కవాళ్ల చేతులు తీసేసి, ఆ కాలొక్కటే తెచ్చి వేదిక దీపాల కింద పెట్టాను.

చిలకమ్మ మోకాళ్ల దాకా ఎగ్గట్టిన చీరను దించి పాదం కప్పుకుంది.

"ఎంతమందికి సూపించినావమ్మా?"

"కొంతమందికే" అన్నాను. ఊరూరా టిక్కెట్లు పెట్టి చూపించినదాన్ని, ఆవిడ మొహం చూసి అబద్ధమాడాను. తప్పయిపోయిందక్కా అన్నాను. "నీకు తెల్దు గదా" అంది. తిట్టినా బాగుండేది.

నాలుగింటికి పక్కింట్లో పెళ్లి డప్పు మోగింది. "చిలకా, బేగి రా!" అని పిలిచారు.

"కాలు నొప్పెడతంది. మీరాడండి" అంది చిలకమ్మ, అరుగు దిగకుండా.

సోములమ్మ నా వైపు తిరిగింది. "ఇన్నేళ్లలో ఆ మాట అననేదు."

చిలకమ్మ లేకుండానే వరస కదిలింది. ఆ చోటు వచ్చేసరికి అలవాటుగా అందరూ ఒక్క క్షణం ఆగారు. నేను అక్కడ నిలబడలేక కొండ దిగిపోయాను. అరకు లాడ్జిలో దిగి, ఈ నాట్యం నేర్పననీ ఇక ఆడననీ బెంగళూరుకు మెసేజ్ పెట్టాను. ఎందుకని అడిగారు. వ్యక్తిగతం అన్నాను.

మర్నాడు తొమ్మిదింటికి విశాఖ బస్సు. అరకు కాంప్లెక్సులోనే నిండిపోయింది. నిద్రలేని ఒళ్లు, మెట్లెక్కుతుంటే ఎడమ కాలు మళ్లీ ఈడ్చింది. ముందు సీట్లోంచి అరవై దాటిన ఒకావిడ అల్లం మూట పక్కకు నెట్టి లేచింది.

"ఓలమ్మా, కాలికేటైంది తల్లీ? ఇలా కూకో."

"నాకేం కాలేదమ్మా, మీరు కూర్చోండి."

"మొగమాటమెందుకు? మా సెల్లికీ ఇలాగే."

చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. బస్సంతా నా పాదం చూస్తోంది. కూర్చున్నాను. అనంతగిరి ఘాట్ రోడ్డు మలుపులన్నీ ఆవిడ కమ్మీ పట్టుకుని నిలబడే దిగింది. మలుపు మలుపుకీ ఆవిడ నడుము సీటుకు కొట్టుకుంటోంది. నేను చీర దించి పాదం కప్పుకున్నాను.

ఎస్.కోటలో దిగుతూ ఆవిడ కండక్టరుతో అంది, "ఈ అమ్మ దిగినప్పుడు కాస్త ఆపండి బాబూ."

ఒంటిగంటకు విశాఖ కాంప్లెక్సు. అందరూ దిగారు. కండక్టరు తలుపు దగ్గర నిలబడి, డ్రైవరుకు ఆగమని చెయ్యి చూపించాడు. "నెమ్మదిగా, మేడమ్."

రెండు కాళ్లూ సరిగ్గా వేసి దిగడానికి నాకు మొహం చెల్లలేదు. కుంటుతూనే దిగాను. వాళ్లకు కనబడనంత దూరం అలాగే నడిచాను.