ఆరు బ్యాటరీల ఎల్డన్

ఎల్డన్ ప్రూయిట్ కరెంటు విషయంలో పరమ పిసినారి. అడిగితే ఒంటిమీది చొక్కా విప్పి ఇస్తాడు. ఫోను కాసేపు ఛార్జింగ్ పెట్టుకుంటానంటే మాత్రం కిడ్నీ అడిగినట్టు మొహం పెడతాడు. మనిషి ఎదురైతే పలకరింపులు ఉండవు. "ఎంత శాతం ఉంది?" అంటాడు. అడిగేది మన వ్యానులోని బ్యాటరీ గురించి. మనం చచ్చామా బతికామా అన్నది దాని తర్వాతి సంగతి.

ప్రతి చలికాలం అరిజోనా ఎడారిలో, ఎండిపోయిన వాగుకు అవతలి గట్టున, మేం కాపురముండే పదకొండు వ్యాన్లు వచ్చి ఆగుతాయి. అందరం ఉద్యోగాలు ముగించుకున్నవాళ్లమే. నేను ఒహాయోలో ముప్పై ఏళ్లు ఉత్తరాలు పంచాను. ఎల్డన్ గూడ్సు రైళ్లలో బ్రేకులు వేసేవాడు. అందుకేనేమో, నడుస్తున్నది ఏది కనబడినా దాన్ని ఆపేస్తే గానీ ఆయనకు మనశ్శాంతి ఉండదు.

మా దగ్గర కరెంటు స్తంభాలు లేవు. వ్యాను నెత్తిమీది సోలార్ పలకలు పగలు ఎంత ఇస్తే రాత్రికి అంతే. ఎల్డన్ వ్యానులో మొదట్లో రెండు బ్యాటరీలు ఉండేవి. తర్వాత నాలుగయ్యాయి. పోయినేడు ఆరయ్యాయి. వాటికి చోటు చాలక మంచాన్ని పైకెత్తాడు. ఇప్పుడు పడుకుంటే పైకప్పు ముక్కుకు తగులుతుంది, తుమ్మాలంటే కిందికి దిగాలి. బరువుకు వ్యాను వెనక చక్రాలు ఇసుకలోకి కూరుకుపోయాయి.

అన్ని బ్యాటరీలున్న మనిషి రాజాలా బతకాలి కదా. ఈయన ఫ్రిజ్ తీసి పారేశాడు. చిక్కుడు గింజలు డబ్బాలోంచి చల్లగానే తింటాడు. కరెంటు పంపు పీకేసి కాలితో తొక్కే పంపు పెట్టుకున్నాడు. ఆయన మొహం కడుక్కుంటుంటే దూరం నుంచి కుట్టు మిషను తొక్కుతున్నట్టు ఉంటుంది. ఇంత దాచి ఏం చేసుకుంటావయ్యా అని అడిగితే, ముందు నీ లైటు ఆర్పు అనేవాడు.

ఆయన పక్క వ్యాను వర్నాది. డెబ్బై నాలుగేళ్లు. ఊపిరితిత్తులు దెబ్బతిని ముక్కుకు గొట్టం పెట్టుకుని ఉంటుంది. ఆమె మంచం పక్కన చిన్న ఆక్సిజన్ యంత్రం రాత్రీ పగలూ ఆగకుండా నడవాలి. ఆమె బ్యాటరీలు రెండే, అవీ పాతవి. అయినా ఎప్పుడూ మొరాయించలేదు. అదృష్టవంతురాలు అనుకునేవాళ్లం.

ఫిబ్రవరిలో వాన పట్టుకుంది. ఎడారిలో వాన అంటే ఒక్క పూట ముచ్చట. ఇది అలా కాదు, ఆకాశం మూత పెట్టినట్టు మూసుకుపోయింది. మొదటి రోజే ఎల్డన్ తడుచుకుంటూ వ్యాను వ్యానుకూ తిరిగాడు. నా వ్యానులోకి తలుపు కూడా కొట్టకుండా వచ్చి అలమరకు చెవి ఆనించాడు. లోపల బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ ఆన్‌లో ఉందన్నాడు. దానికి ఏమీ తగిలించలేదు కదా అన్నాను.

"తగిలించకపోయినా తింటుంది. పనీపాటా లేకుండా ఇంట్లో కూచున్న బావమరిదిలాంటిది అది," అని దాన్ని తనే ఆపేసి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది.

రెండో రోజు వాగు పొంగింది. బయటికి ఉన్న ఒక్క దారీ నీళ్ల కింద పడింది. పెట్రోలు అడుగంటి, తెచ్చుకోవలసిన రోజు కూడా అదే కావడంతో మాకున్న ఒక్క జనరేటరూ మూలపడింది, ఇంజిను తిప్పి ఛార్జింగ్ చేసుకునే దారీ పోయింది. ఎల్డన్ మాత్రం ఇంకా రెచ్చిపోయాడు. రస్ అని ఒకప్పుడు లారీ నడిపినాయన ఉన్నాడు, గుమ్మానికి అడ్డంగా పడుకుంటే ఈగ కూడా దూరలేదు, అంత భారీ మనిషి. ఆయన టీవీలో బంతాట చూస్తుంటే ఎల్డన్ వెళ్లి తీగ లాగేశాడు. రస్ పిడికిలి బిగించుకుని వానలోకి దిగాడు.

"ఆరు బ్యాటరీల మీద పడుకుని మాకు నీతులు చెప్తావా?" అన్నాడు రస్.

ఎల్డన్ రేపటికి దాచుకో అని గొణిగి మరో వ్యాను వైపు నడిచాడు. వచ్చే ఏడు ఈ మనిషి పక్కన ఆగకూడదని ఆ సాయంత్రమే అందరం తీర్మానించుకున్నాం. ముందుగా చెయ్యెత్తింది నేనే.

మూడో రోజు పొద్దున వర్నాను చూడ్డానికి వెళ్లాను. దీపం లేదు, రేడియో లేదు, కోటు కప్పుకుని కూర్చుని ఉంది. యంత్రం మాత్రం నడుస్తోంది. బయటికి వచ్చాక లెక్క వేసుకున్నాను. ఎండ లేక మూడు రోజులు. ఆ రెండు ముసలి బ్యాటరీలు ఒక్క పూట కూడా నడపలేవు. ఏ నిమిషంలో ఆగుతుందో తెలియదు. సహాయం కోసం అప్పటికే ఫోన్ చేసి ఉన్నాం. మబ్బు తగ్గితే గానీ హెలికాప్టర్ లేవదు, రేపు మధ్యాహ్నం చూద్దాం అన్నారు. ఆమె దగ్గరున్న చిన్న సిలిండర్ రెండు గంటలకు మించి రాదు.

ఇక ఎల్డన్ మెడమీద కూర్చునైనా కరెంటు ఇప్పించాలని, తిట్లన్నీ వరసగా పేర్చుకుంటూ బయలుదేరాను. రెండు వ్యాన్ల మధ్య కాలికి ఏదో తగిలింది. వానకు ఇసుక కోసుకుపోయి నారింజ రంగు తీగ ఒకటి బయటపడింది. ఒక కొస ఎల్డన్ వ్యాను కిందికి పోయింది. రెండో కొస వర్నా వ్యాను కిందికి పోయింది. పేర్చుకున్న తిట్లు నోట్లోనే ఉండిపోయాయి.

ఎల్డన్ చలిలో వానకోటుతోనే కూర్చుని మీటరు వంక చూస్తున్నాడు. తొమ్మిది శాతం ఉంది.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"పోయిన చలికాలం నుంచి. ఆమె బ్యాటరీలు అప్పుడే చచ్చాయి."

"ఆమెకి చెప్పలేదా?"

"చెప్తే తీసుకోదు. మూట కట్టుకుని ఆ ముసలాళ్ల హోముకి పోయి కూచుంటుంది. అది ఇష్టం లేకేగా ఇక్కడుంది."

తొమ్మిది శాతం ఎంతసేపు వస్తుందని అడిగితే ఆరు గంటలు అన్నాడు. సాయంత్రం దాకా కూడా చాలదు. మూడు రోజులుగా ఆయన మా వ్యాన్ల చుట్టూ ఎందుకు తిరిగాడో అప్పుడు అర్థమైంది. తన ఆరూ చాలవని ఆయనకు మొదటి రోజే తెలుసు. అందుకే మావి నిండుగా ఉండేలా చూశాడు. నా దాంట్లో డెబ్బై శాతం ఉంది. నా మీద నాకే సిగ్గేసింది.

రస్‌కు చెప్పాను. ఆయన వెళ్లి తన బ్యాటరీలు రెండూ ఊడదీసి చంకకొకటి పెట్టుకుని వచ్చాడు. నేను నాది మోసుకొచ్చి, ఆదుర్దాలో ఎల్డన్ వాటితో కలిపేయబోయాను. ఆయన నా చేతి మీద ఒక్కటిచ్చాడు.

"నిండుదాన్ని ఖాళీదానికి కలిపావంటే నీ కరెంటు ఇందులోకి దూకేస్తుంది. ఆమె దాకా చేరదు. ఒక్కోటే మార్చాలి."

మార్చాలంటే ఉన్నది విప్పాలి. విప్పాడు. పక్క వ్యానులో యంత్రం కూత పెట్టడం మొదలుపెట్టింది. ఎల్డన్ వేళ్లు చలికి కొంకర్లు పోయాయి, తీగ బిగించే మర జారి చీకట్లో పడింది. మంచం కింద మోకాళ్ల మీద నేనూ రస్ తడుముకుంటున్నాం. కూత ఆగలేదు. రస్ బొటనవేలు కిందే దొరికింది. ఎల్డన్ బిగించాడు. కూత ఆగి, యంత్రం మళ్లీ గుర్రుమనడం వినబడేసరికి ఆ లారీ మనిషి నేలమీద చతికిలబడ్డాడు.

నాది సాయంత్రం దాకా వచ్చింది. రస్‌వి తెల్లవారుజాము దాకా లాగాయి. తర్వాత మిగతావాళ్లందరూ ఒక్కొక్కరే మోసుకొచ్చారు. వర్నాకు తెలియకూడదని అందరూ వానలో పిల్లుల్లా నడిచారు. రస్ పిల్లిలా నడిస్తే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. మర్నాడు ఎనిమిది గంటలకు సూర్యుడు వచ్చాడు. పలకల మీద ఎండ పడగానే ఎల్డన్ మీటరు ముందే కూర్చుని నిద్రపోయాడు.

వేడి కాఫీ పట్టుకుని వర్నా దగ్గరికి వెళ్లాను. రాత్రి బాగా నిద్రపట్టిందా అని ఏమీ ఎరగనట్టు అడిగాను.

"రస్ నా కిటికీ పక్కనే రెండుసార్లు జారిపడితే ఏం నిద్ర?" అంది. తర్వాత కాఫీ కప్పు రెండు చేతులా పట్టుకుంది. "మూడు రోజులు ఎండ లేకుండా నా బ్యాటరీలు నూరు శాతం చూపిస్తుంటే నాకు తెలీదనుకున్నారా? తక్కువైంది నాకు ఊపిరి, బుర్ర కాదు."

మరి చీకట్లో ఎందుకు కూర్చున్నావని అడిగాను. రేడియో, దీపం ఆపితే ఎల్డన్‌కు కాస్త బరువు తగ్గుతుందని, పోయినేటి నుంచీ అలాగే చేస్తున్నానని చెప్పింది. తెలిసిన రోజే హోముకు వెళ్లడానికి పెట్టె కూడా సర్దుకుందట. ఆ మనిషి చల్లని చిక్కుడు గింజలు తింటూ ఇటువైపు చూసి కూత రావడం లేదు కదా అని చెవి పెట్టి వినడం చూసి, మళ్లీ విప్పేసిందట.

"నాకు తెలుసని ఆయనకి మాత్రం చెప్పకు," అంది. "ఇప్పుడంటే నాకు తెలీదనుకుని ఊరుకుంటున్నాడు. తెలిసిందంటే రేపట్నుంచి ఊపిరి కూడా తగ్గించి పీల్చమంటాడు."